మన పాలెం పేరు ఆ జాబితాలో ఎక్కాలంటే: మూలకణ దాతల నమోదు ఎలా చేయాలి?

రక్తదాన శిబిరం మన ఊళ్లకు కొత్త కాదు. హీరో పుట్టినరోజుకో, నాయకుడి వర్ధంతికో స్కూల్లో మంచాలు వేస్తారు. రక్తం ఇచ్చిన కుర్రాడి చేతిలో అరటిపండు, జ్యూస్ ప్యాకెట్ పెట్టి పంపుతారు. కృత్తివెన్ను నుంచి అవనిగడ్డ దాకా ఇది అందరూ చూసిందే. మూలకణ దాతల నమోదు అంతకంటే తేలిగ్గా మొదలవుతుంది. సూది లేదు, బుగ్గ లోపల దూది పుల్ల తిప్పితే అయిపోయింది. కష్టమంతా ఆ తరవాత ఉంది. రక్తం ఇచ్చినవాడి పని ఆ పూటతో సరి. ఇక్కడ పేరు రాయించుకున్నవాడికి ఏడేళ్ల తరవాతో పదేళ్ల తరవాతో ఫోన్ రావచ్చు. అప్పుడు ముక్కూ మొహం తెలియని మనిషి కోసం కొన్నాళ్లు పని మానుకుని పట్నం వెళ్లాలి. ఆ రోజున వెనకాడకుండా ‘వస్తాను’ అనగలిగే మనుషుల పేర్లే రాయించడం ఎలాగన్నదే ఈ వ్యాసం. ఆశా కార్యకర్తలు, ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులు, బడి మాస్టార్లు, యువజన సంఘాల కుర్రాళ్లు, చర్చి పెద్దలు, వీళ్లలో ఎవరైనా మొదలుపెట్టగల పని ఇది.

ముందు మీకు తెలియాల్సింది

బ్లడ్ క్యాన్సర్, మూలుగ ఎండిపోయి రక్తం తయారవడం ఆగిపోయే అప్లాస్టిక్ ఎనీమియా, పుట్టుకతో వచ్చే తలసీమియా, సికిల్ సెల్ లాంటి జబ్బుల్లో చాలామందికి శాశ్వతంగా నయం కావాలంటే ఉన్న దారి మూలకణ మార్పిడి. మందులతో రోగి మూలుగను ఖాళీ చేసి, ఆరోగ్యవంతుడి మూలకణాలు ఎక్కిస్తారు. అవి ఎముకల్లోకి చేరి కొత్త రక్తం తయారుచేస్తాయి.

దీనికి బ్లడ్ గ్రూపు కలవాల్సిన పనిలేదు. రోగిది ఓ పాజిటివ్, దాతది బీ పాజిటివ్ అయినా మార్పిడి జరుగుతుంది, కొన్నాళ్లకు రోగి గ్రూపే దాత గ్రూపుగా మారిపోతుంది. ఈ సంగతి చెబితే ఊళ్లో చెవి ఒగ్గనివాళ్లు ఉండరు, కాబట్టి మీ మాటల్లో దీన్ని ముందే చెప్పండి. కలవాల్సింది హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులు. ఇవి ఆరో క్రోమోజోములో ఉంటాయి, సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. అందుకే తోడబుట్టినవాళ్లలో ఒక్కొక్కరితో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇద్దరేసి పిల్లలున్న ఇళ్లలో చాలాసార్లు ఇంట్లో జత దొరకదు. అప్పుడు డాక్టర్లు దాతల రిజిస్ట్రీల్లో వెతుకుతారు. తల్లి, తండ్రి లేదా పిల్లల నుంచి సగం జతతో చేసే మార్పిడి కూడా ఇప్పుడు జరుగుతోంది గానీ, అది ఎవరికి సరిపోతుందో డాక్టరే చెప్పాలి.

ప్రపంచం మొత్తం మీద రిజిస్ట్రీల్లో 4 కోట్లకు పైగా దాతల పేర్లున్నాయి. 8 కోట్ల జనాభా ఉన్న జర్మనీలోనే సుమారు కోటి మంది ఉన్నారు. 140 కోట్ల మన దేశంలో ఉన్నవి కొన్ని లక్షలే. దాతల సంఖ్యే కాదు, వాళ్లు ఏ మూలాలవాళ్లన్నది కూడా ముఖ్యమే. 2014లో అమెరికా రిజిస్ట్రీ మీద ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. ఐరోపా మూలాలున్న తెల్లవాళ్లకు పూర్తి జత దొరికే అవకాశం 75 శాతమని తేలింది. దక్షిణ, మధ్య అమెరికా నల్లజాతివారికి అది 16 శాతమే. హెచ్‌ఎల్‌ఏ గుర్తులు వంశంతో వస్తాయి. ఎవరి పూర్వీకుల నుంచి వచ్చినవాళ్లు జాబితాలో ఎక్కువగా ఉంటే వాళ్లకే జత దొరుకుతుంది.

ఈ లెక్క మన దగ్గరికి వచ్చేసరికి ఇంకా బిగుసుకుంటుంది. మనది కులంలోనే పెళ్లి చేసుకునే సమాజం. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్ హార్వర్డ్ శాస్త్రవేత్తలతో కలిసి 2009లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. ఆంధ్రప్రదేశ్ వైశ్యులు వంద తరాలకు పైగా బయటివాళ్లతో దాదాపు కలవకుండా ఉన్నారని జన్యువుల్లోనే కనిపించింది. 2017లో మరో పరిశోధనలో దక్షిణాసియాలోని 263 సమూహాలను చూస్తే, 81 సమూహాల్లో ఇలాంటి ఏకాంతం చాలా గట్టిగా ఉంది. అంటే మన ఊళ్లో పక్కపక్క వీధుల్లో ఉండేవాళ్ల మధ్య కూడా జన్యువుల దూరం ఉండవచ్చు. పల్లెపాలెంలో అగ్నికుల క్షత్రియ పిల్లాడికి జబ్బు చేస్తే, జత దొరికే ఆశ ఎక్కువగా ఉన్నది తీరం వెంబడి తన వాళ్లలోనే. ఉప్పుటేరు గట్టున పీతలు పట్టుకుని బతికే యానాది ఇంటి బిడ్డకు, మాలపల్లెలో బిడ్డకు, బందరు ముస్లిం కుటుంబంలో బిడ్డకు కూడా ఇదే లెక్క. బయట అసలు దొరకదని కాదు, తక్కువని.

మన దేశంలో నమోదు శిబిరాలు ఎక్కువగా జరిగేది ఐటీ కంపెనీల్లో, ఇంజినీరింగ్ కాలేజీల్లో. వల వేసేవాళ్లు, రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవాళ్లు, యానాదులు ఆ గేట్ల లోపలికి ఎప్పుడు వెళ్లారు? ఆ జాబితాలో వాళ్లు లేకపోవడం వాళ్ల తప్పు కాదు, వాళ్ల దగ్గరికి ఎవరూ రాలేదు. అయితే ఇందులో మనకు అనుకూలమైన సంగతి కూడా ఉంది. లోపలే పెళ్లిళ్లు చేసుకునే సమూహాల్లో హెచ్‌ఎల్‌ఏ రకాలు తక్కువగా ఉంటాయి, అవే పదేపదే తిరుగుతుంటాయి. కాబట్టి అలాంటి సమూహం నుంచి కొద్దిమంది చేరినా ఆ సమూహంలో రోగులకు ఆసరా బాగా పెరుగుతుంది. లక్షమంది అక్కర్లేదు. ఒక్కో పాలెం నుంచి నికరంగా నిలబడే కొన్ని పదుల మంది వస్తే అది పెద్ద పనే.

మొదటి అడుగు: రిజిస్ట్రీతో మాట్లాడటం

సొంతంగా నమూనాలు తీయకూడదు, పేర్లు రాసుకుని దాచుకుంటే ఉపయోగమూ లేదు. పరీక్ష చేసి, ప్రపంచ జాబితాకు కలిపే సంస్థ వెనక ఉండాలి. దాత్రి 2009లో మొదలైంది, చెన్నై కేంద్రంగా పనిచేస్తుంది. డీకేఎంఎస్ ఫౌండేషన్ ఇండియా బెంగళూరు సంస్థ. 1991లో జర్మనీలో పుట్టిన డీకేఎంఎస్, బెంగళూరు మెడికల్ సర్వీసెస్ ట్రస్టుతో చేయి కలిపి మన దేశంలో పెట్టింది. రెండూ శిబిరాలు పెట్టేవాళ్లకు కిట్లు పంపుతాయి, శిక్షణ ఇస్తాయి. దాత నుంచి పైసా తీసుకోవు.

ఫోన్ చేసినప్పుడు మొహమాటపడకుండా అడగాల్సినవి ఉన్నాయి. అంగీకార పత్రం తెలుగులో ఉందా? చదవడం రానివాళ్లకు ఎవరు చదివి వినిపిస్తారు? తెలుగు మాట్లాడే కౌన్సిలర్ శిబిరం రోజున వస్తారా? పిలుపు వస్తే ప్రయాణం, బస, భోజనం, తోడు వచ్చే మనిషి ఖర్చు ఎవరిది? వయసు ఎంతవరకు తీసుకుంటారు? నమోదు 18 ఏళ్లకు మొదలవుతుంది, పై హద్దు సంస్థను బట్టి 50, 55 ఇలా మారుతుంది. ముఖ్యంగా అడగాల్సింది రోజు కూలీ గురించి. నెల జీతగాడికి వారం సెలవు దొరుకుతుంది. సముద్రం మీద బతికేవాడికి వారం అంటే ఇంట్లో పొయ్యి. ఈ జవాబులన్నీ మెయిల్లోనో వాట్సాప్‌లోనో రాతలో తీసుకోండి. రేపు పాలెంలో ఎవరైనా నిలదీస్తే చూపించడానికి పనికొస్తుంది.

రెండో అడుగు: ఊరి మనుషులను కూడగట్టడం

పీహెచ్‌సీ డాక్టరుకు, సర్పంచికి, పంచాయతీ కార్యదర్శికి ముందే చెప్పండి. తరవాత ఆశా, ఏఎన్‌ఎం, డ్వాక్రా లీడర్లు. బందరులో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది, రుద్రవరంలో కృష్ణా యూనివర్సిటీ ఉంది. మన మండలం నుంచి అక్కడ చదివే పిల్లలు ఉంటారు. వాళ్లను వాలంటీర్లుగా పిలవండి. తెల్లకోటు వేసుకున్న మన ఊరి అమ్మాయి చెప్పిన మాటకు, చెన్నై నుంచి వచ్చిన అపరిచితుడి మాటకు చాలా తేడా ఉంటుంది.

పాలెంలో మాత్రం అసలు అనుమతి పెద్దలది. రామాలయం అరుగు మీద సాయంత్రం కూర్చునే పెద్దమనుషులను కలవకుండా ఇంటింటికీ తిరిగితే పని చెడుతుంది. క్రైస్తవ పేటల్లో పాస్టర్‌గారిని కలిసి, ఆదివారం ప్రార్థన అయ్యాక పది నిమిషాలు అడగండి. యానాది కాలనీలో పెద్ద సభ పెట్టకండి. మైకు కనిపిస్తే చాలామంది వెనక్కి జారుకుంటారు. అక్కడ వాళ్లకు నమ్మకమున్న మనిషి, అంటే బడి మాస్టారో, ఆశానో, వాళ్లలోనే చదువుకున్న కుర్రాడో పక్కన ఉండాలి. నలుగురైదుగురితో కూర్చుని మాట్లాడాలి.

పార్టీ రంగు అంటనివ్వొద్దు. ఫ్లెక్సీ మీద ఒక నాయకుడి బొమ్మ పడితే ఊళ్లో సగం మంది ఆ రోజు రారు. ఎవరైనా ఖర్చు పెట్టుకుంటామని వస్తే మజ్జిగ, మంచినీళ్లు, టెంటు అడగండి, బొమ్మ వద్దని మెత్తగా చెప్పండి.

మూడో అడుగు: రోజు చూసుకోవడం

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మోటారు బోట్లు ఒడ్డెక్కుతాయి, మగవాళ్లు ఇళ్ల దగ్గర వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. పాలేల్లో శిబిరానికి ఇంతకంటే మంచి కాలం లేదు. ఎండ బాగా ఉంటుంది కాబట్టి పొద్దున్నే పది లోపు, లేదా సాయంత్రం ఐదు తరవాత పెట్టుకోండి. పొలం పనివాళ్లున్న ఊళ్లలో నాట్ల రోజులు, కోతల రోజులు వదిలేయండి. రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్లకు పట్టుబడి రోజు తెల్లవార్లూ పనే, మర్నాడు ఒళ్లు తెలియదు. ముందు చెరువు యజమానితో మాట్లాడి పట్టుబడి లేని వారం చూసుకోండి. ఉప్పుటేరు, సముద్రం చుట్టుకుని ఉన్న చినగొల్లపాలెం దీవి లాంటి చోటివాళ్లను శిబిరానికి రమ్మనడం కంటే, శిబిరమే అక్కడికి వెళ్లడం న్యాయం.

నాలుగో అడుగు: భయాలకు జవాబు చెప్పడం

ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే. శిబిరానికి కనీసం వారం ముందు ఇంటింటికీ ఒకసారి తిరగాలి. దూది పుల్లలు చేతిలో పట్టుకుని మాట్లాడితే ఎవరూ నిజం అడగరు, సరే అనేస్తారు. ఖాళీ చేతులతో వెళ్లాలి.

మాట సాధారణంగా ఇలా సాగుతుంది. గడపలో చేపలు శుభ్రం చేస్తున్న పెద్దావిడ ముందు అడుగుతుంది.

“ఏమ్మా, మావోడి ఎన్నుపూసలో సూది గుచ్చి సత్తువంతా లాగేత్తారంటగా?”

“లేదత్తా. ఎన్నుపూస జోలికే పోరు. ఇప్పుడైతే బుగ్గలో పుల్ల తిప్పుతారంతే. రేపెప్పుడో జత కుదిరితే చేతి నరంలోంచి రక్తం తీసి, మిషన్‌లో కావలసింది వడగట్టుకుని, మిగతాది మళ్లీ ఒంట్లోకే పంపేత్తారు.”

“మరి మూలుగ అంటన్నారు?”

“ఒక్కోసారి డాక్టరుగారు మూలుగే కావాలంటే, మత్తిచ్చి నడుం వెనక తుంటి ఎముకలోంచి తీస్తారు. కొన్నాళ్లు అక్కడ నొప్పిగా ఉంటది. తీసింది కొన్ని వారాల్లో మళ్లీ ఊరతది, అత్తా.”

“కిడ్నీ తీసుకోరు గదా?”

ఈ ప్రశ్నకు నవ్వకండి. అప్పుల్లో ఉన్నవాళ్ల చేత కిడ్నీ అమ్మించిన కేసులు మన రాష్ట్రంలో ఎన్నోసార్లు పత్రికలకెక్కాయి. పేదవాడికి ఆ భయం ఉండటం తెలివే. మూడు విషయాలు సూటిగా చెప్పండి. ఇందులో ఏ అవయవమూ తీయరు. డబ్బు ఇవ్వడం, తీసుకోవడం ఉండదు, ఎవరైనా డబ్బు మాట ఎత్తితే వాడు మోసగాడు. పిలుపు వచ్చినా తోడు మనిషి లేకుండా ఎక్కడికీ వెళ్లక్కర్లేదు.

మిగతా భయాలు మగవాళ్లు చాటుగా అడుగుతారు. బరువులు ఎత్తలేమా, పిల్లలు పుట్టరా అని. మూలకణాలు ఇవ్వడం వల్ల అలా జరగదు. పెళ్లికాని ఆడపిల్ల తల్లి సంబంధాలు చెడతాయేమోనని జంకుతుంది. దాత పేరు బయటపెట్టరనీ, రోగికి కూడా కనీసం ఏడాది దాకా దాత ఎవరో చెప్పరనీ ఆమెకు చెప్పండి. కోడలు పేరు రాయించుకుంటానంటే అత్తగారితో, భర్తతో కూడా ఆ రోజే కూర్చుని మాట్లాడండి. రేపు పిలుపు వచ్చినప్పుడు ఇంట్లో గొడవై ఆగిపోయే కంటే ఇప్పుడు తేలడం మంచిది. నిర్ణయం మాత్రం ఆమెదే. భర్త చెప్పాడని సంతకం పెట్టే ఆడమనిషిని చేర్చుకోకండి, వద్దన్నాడని ఆగిపోయినామెను నొప్పించకండి.

కష్టాలు దాచవద్దు. రక్తం ద్వారా తీసే పద్ధతిలో ముందు ఐదు రోజుల పాటు జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్ ఇస్తారు. అది మూలకణాలను మూలుగలోంచి రక్తంలోకి తెస్తుంది. ఆ రోజుల్లో ఒళ్లు నొప్పులు, ఎముకల్లో సలుపు, తలనొప్పి, నీరసం సాధారణం. చాలామందికి పారాసెటమాల్‌తో సర్దుకుంటాయి, పని అయ్యాక కొద్ది రోజుల్లో పోతాయి. ఐదో రోజున నాలుగు నుంచి ఆరు గంటలు మిషన్ పక్కన పడుకోవాలి, ఒక్కోసారి మర్నాడు కూడా. పెద్ద సమస్యలు అరుదు. అవి ఉండకూడదనే ముందు పూర్తి ఆరోగ్య పరీక్ష చేస్తారు. ఇదంతా విని పదిమందిలో నలుగురు వెనక్కి తగ్గితే, మీరు బాగా చెప్పారని అర్థం.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. దాత ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చు, ఆ హక్కు అతనిది. కానీ జత కుదిరాక, తేదీ ఖాయమయ్యాక, అక్కడ ఆసుపత్రిలో రోగి మూలుగను మందులతో ఖాళీ చేయడం మొదలుపెడతారు. ఆ తరవాత దాత రానంటే రోగికి వెనక్కి తిరిగే దారి ఉండదు. ప్రాణం పోతుంది. అనుమానం ఉన్నవాళ్లు ముందే, ఈ అరుగు మీదే ఆగిపోవాలి. ఈ వాక్యం చెప్పకుండా ఒక్క సంతకం కూడా తీసుకోకూడదన్నది నా గట్టి మాట. ఒక్కో నమూనా పరీక్షకు సంస్థకు వేలల్లో ఖర్చవుతుంది. ఆ డబ్బు పోయినా మళ్లీ వస్తుంది. జత దొరికిందని ఆశపడి, దాత వెనకాడాడని విన్న తల్లిదండ్రుల సంగతి వేరు.

ఐదో అడుగు: శిబిరం రోజు

రెండు బల్లలు, నాలుగు కుర్చీలు, నీడ చాలు. మొదటి బల్ల దగ్గర ఆరోగ్య ప్రశ్నలు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, క్యాన్సర్, తీవ్రమైన గుండె జబ్బు, ఇన్సులిన్ మీద ఉన్న షుగర్ లాంటివి ఉన్నవాళ్లను సాధారణంగా తీసుకోరు. జాబితా సంస్థే ఇస్తుంది. ఈ ప్రశ్నలు అందరి ముందూ అడగకూడదు. బల్లను గోడ పక్కకు జరిపి, ఒక్కొక్కరినే పిలవండి. కారణం చెప్పకుండా ‘ఇవాళ వద్దులెండి’ అని పంపే వీలు ఉండాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఉంటే సంస్థను అడిగి తరవాత రమ్మనండి. డాక్టర్లు ఎక్కువగా కోరేది కుర్రవయసు దాతలను. 18 నుంచి 35 మధ్యవాళ్ల మీద దృష్టి పెట్టండి. ఇప్పుడు చేరిన పాతికేళ్లవాడు దశాబ్దాల పాటు జాబితాలో ఉంటాడు.

రెండో బల్ల దగ్గర ఫారం, నమూనా. పుల్ల తిప్పడానికి అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, టీ తాగకూడదు. పొగాకు, ఖైనీ, గుట్కా నోట్లో ఉంటే ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించి, అరగంట కూర్చోమనండి. పాలేల్లో ఈ ఒక్కదాని దగ్గరే ఎక్కువ నమూనాలు పాడవుతాయి. దూది ఉన్న కొసను వేలితో తాకకూడదు. బుగ్గ లోపలి గోడ మీద కిట్‌లో చెప్పినంత సేపు, సుమారు ఒక నిమిషం, కాస్త నొక్కి పైకీ కిందకీ తిప్పాలి. నాలుక మీద, పళ్ల మీద కాదు. ఉమ్మి తీసుకుంటున్నారని చాలామంది అనుకుంటారు. నిజానికి కావలసింది బుగ్గ గోడ నుంచి రాలే కణాలు. అందుకే గట్టిగా తిప్పమంటాం. ఒక్కో పుల్లకు ఒక్కో చోటు. కిట్ సూచన ప్రకారం ఆరనిచ్చి కవర్లో పెట్టాలి. రొయ్య వలిచి వచ్చినవాళ్లు ఉంటారు కాబట్టి బకెట్ నీళ్లు, సబ్బు పక్కనే పెట్టండి. కవరు మీద బార్‌కోడ్, ఫారం మీద బార్‌కోడ్ ఒకటేనా అని రెండోమనిషి చూడాలి. పేర్లు తారుమారైతే పని మొత్తం వృథా.

ఫారంలో మాతృభాష, తల్లిదండ్రుల సొంత ఊరు లాంటివి అడిగితే శ్రద్ధగా రాయించండి. తల్లి పుట్టింటి ఊరు కూడా వెతికేవాళ్లకు ఉపయోగపడే సమాచారమే. ఫోన్ నంబరు ఒకటి చాలదు. ఇంట్లో మరొకరిది, పక్కింటివాళ్లదో కిరాణా కొట్టువాళ్లదో ఇంకొకటి తీసుకోండి. మన కుర్రాళ్లు సిమ్‌లు మార్చినంత తేలిగ్గా ఇంకేమీ మార్చరు. ఆధార్ జిరాక్సులు పోగేయకండి, సంస్థ అడిగితే తప్ప. ఆ జిరాక్స్ చూస్తేనే పింఛను పోతుందేమో, ఎవరైనా అప్పు తీసుకుంటారేమో అన్న అనుమానం మొదలవుతుంది. సాయంత్రం కవర్లన్నీ ఎండ తగలని పెట్టెలో పెట్టి, అదే రోజు లేదా మర్నాడు బందరు నుంచో భీమవరం నుంచో కొరియర్ చేయండి.

ఊళ్లోనే రోగి ఉంటే

పల్లెల్లో చాలా శిబిరాలు ఇలాగే మొదలవుతాయి. ఒక బిడ్డకు జబ్బు చేస్తుంది, ఊరంతా కదులుతుంది. అప్పుడు వరస మారాలి. ముందు తోడబుట్టినవాళ్లకు హెచ్‌ఎల్‌ఏ పరీక్ష. మనలో మేనరికాలు ఎక్కువ. అలాంటి ఇంట్లో ఒకే గుర్తులు రెండు వైపుల నుంచీ రావచ్చు కాబట్టి మేనమామలు, మేనత్తలు, వాళ్ల పిల్లల్లో కూడా జత కుదిరే వీలుంది. ఈ మాట డాక్టరుతో చెప్పి, వాళ్లకూ పరీక్ష చేయాలేమో అడగండి. తలసీమియా అయితే హైదరాబాద్‌లో 1998 నుంచి పనిచేస్తున్న తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీని కలవండి. తోడబుట్టినవాళ్లతో జత కుదిరిన పిల్లలకు కోల్ ఇండియా 2017లో మొదలుపెట్టిన తలసీమియా బాల సేవా యోజన కింద ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో 10 లక్షల రూపాయల దాకా సాయం అందుతుంది. ఎన్టీఆర్ వైద్య సేవలో ఏం వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. రిజిస్ట్రీలో వెతకడం ఆసుపత్రి చేసే పని, కుటుంబం చేయాల్సింది కాదు.

ఆ బిడ్డ కోసమే శిబిరం పెడితే తల్లిదండ్రులకు ఒక నిజం ముందే చెప్పాలి. ఇక్కడ ఇచ్చిన నమూనాల్లోనే ఈ బిడ్డకు జత దొరుకుతుందని ఆశ పెట్టుకోకూడదు. 2007లో అమెరికాలో సమీర్ భాటియా అనే యువ వ్యాపారి, వినయ్ చక్రవర్తి అనే యువ డాక్టరు లుకేమియాతో పోరాడుతున్నారు. స్నేహితులు 11 వారాల్లో 24 వేలకు పైగా దక్షిణాసియా మూలాలవాళ్లను నమోదు చేయించారు. ఇద్దరికీ దాతలు దొరికారు, మార్పిడి జరిగింది. అయినా జబ్బు తిరగబెట్టి 2008లో ఇద్దరూ పోయారు. వాళ్ల కోసం చేరినవాళ్లలో ఎంతోమంది ఆ తరవాత ఇతర రోగులకు జత కుదిరారు. మన శిబిరం కూడా అలాగే ఎక్కడో ఎవరికో ఉపయోగపడుతుంది. బాపట్ల తీరంలో కావచ్చు, న్యూజెర్సీలో కావచ్చు. ఈ మాట చెబితే కొందరు రారు. చెప్పకుండా రప్పించినవాళ్లు మాత్రం, ఆ బిడ్డకు కాక వేరెవరికో ఇవ్వమని పిలుపు వచ్చిన రోజు ఫోన్ ఎత్తరు.

ఆరో అడుగు: పిలుపు వచ్చినప్పుడు

నమోదైనవాళ్లలో చాలామందికి జీవితాంతం పిలుపు రాదు. వచ్చిందంటే అది ఎప్పటి శిబిరమో మరిచిపోయిన రోజున వస్తుంది. సంస్థ ఫోన్ చేసి, మళ్లీ రక్తం తీసి జత ఖాయం చేసుకుంటుంది. పూర్తి ఆరోగ్య పరీక్ష ఉంటుంది. దాత ఇంకోసారి అంగీకారం తెలపాలి. తరవాత ఇంజెక్షన్లు, పెద్ద నగరంలోని కేంద్రంలో సేకరణ.

ఆ ఫోన్ హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తే మన దాత కట్ చేసేస్తాడు. మోసపు కాల్ అనుకుంటాడు, అలా అనుకోవడం సబబే. అందుకని నమోదు రోజునే ఒక పని చేయండి. ‘ఇలాంటి ఫోన్ వస్తే ముందు నాకు చెప్పు’ అని మీ నంబరు ఇవ్వండి, ఆశా నంబరు ఇవ్వండి. దాత అంగీకారంతో సంస్థకు కూడా మీ నంబరు ఇవ్వండి. దాతతో పాటు ఇంటివాళ్లకు మళ్లీ మొదటి నుంచి ఓపికగా చెప్పాలి, పదేళ్ల కిందటి మాట ఎవరికీ గుర్తుండదు. ఆ వారం కూలీ పోతే సంస్థ ఎంత ఇస్తుందో చూసి, మిగిలినది డ్వాక్రా సంఘమో, పాలెం పెద్దలో, చెరువు యజమానో సర్దేలా ముందే మాట తీసుకోండి. రోగి కుటుంబం నుంచి మాత్రం రూపాయి కూడా రాకూడదు, వాళ్లెవరో తెలియకూడదు కూడా.

ఏడో అడుగు: జాబితా పాతబడకుండా చూడటం

శిబిరం ఫొటోలు పేపర్లో వచ్చాక చాలామంది ఈ పని అయిపోయిందనుకుంటారు. నంబర్లు మారతాయి. ఆడపిల్లలు పెళ్లయి నాగాయలంకకో నరసాపురానికో వెళతారు, కుర్రాళ్లు హైదరాబాద్‌కు, గల్ఫ్‌కు వెళతారు. ఫోన్‌కు దొరకని దాత జాబితాలో లేనట్టే. ఏటా వేట నిషేధం మొదలైన వారంలో, దాతల పేర్లు రాసుకున్న మీ నోట్‌బుక్ తీసి అందరికీ ఒక్కో ఫోన్ చేయండి. ఎక్కడున్నావు, ఒంట్లో ఎలా ఉంది, మాట మీదే ఉన్నావా? అంతే. మారిన నంబర్లు, కొత్త జబ్బులు ఉంటే దాత చేతనే సంస్థకు చెప్పించండి. నోట్‌బుక్‌లో పేరు, ఫోన్ తప్ప ఇంకేమీ రాయకండి, దాన్ని మీ ఇంట్లోనే ఉంచండి.

ఎవరైనా ‘నా వల్ల కాదన్నా, పేరు తీసేయించు’ అంటే కారణం అడగొద్దు, బతిమాలొద్దు. సంస్థ నంబరు ఇచ్చి ఆ రోజే పేరు తీయించుకునేలా చూడండి. జాబితాలో ఆ పేరు కనపడి, అది చూసి ఏ ఆసుపత్రిలోనో ఒక డాక్టరు తేదీ అనుకోకముందే ఆ పని జరిగిపోవాలి.